ముందు పెట్రోల్, తర్వాతే బూస్ట్: టర్బో ఇంజన్ ట్యూనింగ్ మొదటి నుంచి చివరిదాకా

పెద్ద టర్బో బిగించారు, ఇంటర్‌కూలర్ మార్చారు, ఎగ్జాస్ట్ మార్చారు, కొత్త ఇంజెక్టర్లూ ఎక్కేశాయి. ఇక ల్యాప్‌టాప్ తగిలించి బూస్ట్ (టర్బో గాలిని నొక్కే ఒత్తిడి) పెంచేద్దామని చేతులు దురద పెడుతుంటాయి. కాస్త ఆగండి. నేను దగ్గరుండి విప్పి చూసిన ఇంజన్లలో చాలా వరకు బూస్ట్ ఎక్కువై పోయినవి కావు, ఆ బూస్ట్‌కి సరిపడా పెట్రోల్ వెళ్తోందని కొలవకుండా నమ్మేసినందుకు పోయినవి. అందుకే ఇందులో బూస్ట్ పెంచే మాట చాలా ఆలస్యంగా వస్తుంది, మధ్యలో దూకేసి అక్కడికి వెళ్లకండి.

ఇక్కడ చెప్పేది పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ని సిలిండర్ బయట గాలి దారిలోనే చల్లే పద్ధతి) ఉన్న పెట్రోల్ ఇంజన్ గురించి, మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే పైపులో) ఒత్తిడి చూసి గాలి లెక్క వేసుకునే ప్రోగ్రామబుల్ ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) గురించి. డైరెక్ట్ ఇంజెక్షన్ వాళ్లకు వేరే మాట ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఇంజన్ బాగుందో లేదో ముందు తేల్చుకోండి

కంప్రెషన్ టెస్ట్ చేయండి. అంకె ఎంత వచ్చిందన్నది ఒక ఎత్తు, అన్ని సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ఇంకో ఎత్తు, రెండోదే ముఖ్యం. ఒక సిలిండర్ మిగతావాటికన్నా 15 శాతం తక్కువ చూపిస్తే ట్యూనింగ్ పక్కన పెట్టి లీక్‌డౌన్ టెస్ట్‌తో గాలి ఎక్కడి నుంచి పోతోందో పట్టుకోండి.

తర్వాత బూస్ట్ లీక్ టెస్ట్. టర్బో మూతి దగ్గర బిగుతుగా మూత పెట్టి, కంప్రెసర్‌తో మెల్లగా గాలి నింపుతూ ప్రతి క్లాంప్ మీదా, ప్రతి రబ్బర్ జాయింట్ మీదా సబ్బు నీళ్లు చల్లండి. బుడగ వచ్చిన చోటల్లా లీకే. ఎయిర్‌ఫ్లో మీటర్ ఉన్న కారైతే కొలిచిన గాలి బయటకు పోయి మిశ్రమం రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అవుతుంది. ఒత్తిడి సెన్సర్ మీద నడిచే కారైతే మిశ్రమం బాగానే కనిపిస్తుంది కానీ అదే బూస్ట్ ఇవ్వడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి, గాలి ఇంకా వేడెక్కుతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే లాగ్‌లో తప్పేమీ కనిపించదు.

స్పార్క్ ప్లగ్‌లు ఒక హీట్ రేంజ్ చల్లనివి వేయండి, గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉంచండి. ఎన్‌జీకే ప్లగ్‌ల మీద అంకె పెరిగితే చల్లని ప్లగ్ అని అర్థం, బాష్‌లో దానికి ఉల్టా, ఇక్కడ చాలామంది పొరపాటు పడి ఇంకా వేడి ప్లగ్ తెచ్చుకుంటారు. పీసీవీ వాల్వ్ (క్రాంక్‌కేస్ ఆవిరిని గాలి దారిలోకి వదిలేది) కూడా ఒకసారి చూడండి. బూస్ట్‌లో అది సరిగ్గా మూసుకోకపోతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరుగుతుంది, నూనె ఆవిరి గాలి దారిలోకి చేరుతుంది, నూనె కలిసిన పెట్రోల్ నాకింగ్‌కి (మిశ్రమం అదుపు తప్పి దానంతటదే పేలడానికి) త్వరగా లొంగిపోతుంది.

సెన్సర్లు నిజం చెబుతున్నాయా

ఈసీయూకి కళ్లు లేవు. సెన్సర్ ఏం చెబితే అదే దానికి లోకం. కాబట్టి ఒక్కో సెన్సర్‌నీ విడిగా పరీక్షించాలి.

ఇంజన్ ఆపి కీ మాత్రం ఆన్ చేసినప్పుడు మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ ఒత్తిడి కొలిచేది) బయటి గాలి ఒత్తిడిని చూపాలి, సముద్ర మట్టం దగ్గర సుమారు 100 కిలోపాస్కల్స్. దాని పరిధి కూడా చూసుకోండి. 2.5 బార్ సెన్సర్ అంటే అందులో 1 బార్ వాతావరణానిదే, మీకు మిగిలేది 1.5 బార్ బూస్ట్. అంతకుమించితే సెన్సర్ అక్కడే ఆగిపోతుంది, గాలి మాత్రం పెరుగుతూనే ఉంటుంది, ఆ పెరిగిన గాలికి పెట్రోల్ వెళ్లదు.

వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ని (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ చూసి మిశ్రమం కొలిచేది) టర్బో దాటాక కనీసం అరమీటరు దూరంలో, పైపు పైభాగంలో, గడియారం లెక్కన 10కీ 2కీ మధ్య బిగించండి. కింద బిగిస్తే తేమ చేరి పాడవుతుంది. దానికి ముందు ఎగ్జాస్ట్‌లో చిన్న లీకున్నా బయటి గాలి లోపలికి పీల్చుకుని లేని లీన్ (పెట్రోల్ తక్కువ) చూపిస్తుంది. మిస్‌ఫైర్ అయినా అంతే, కాలని ఆక్సిజన్ వెళ్లి సెన్సర్‌కి తగిలి లీన్ అంటుంది, మీరు పెట్రోల్ పెంచితే మిస్‌ఫైర్ ఇంకా ఎక్కువవుతుంది.

ఇంకో సంగతి కూడా సరిచూసుకోండి. డాష్ మీద గేజ్ లాంబ్డా (మిశ్రమం కొలత: 1 కన్నా తక్కువైతే రిచ్, ఎక్కువైతే లీన్) 0.80 చూపిస్తుంటే ల్యాప్‌టాప్‌లో 0.83 కనిపించవచ్చు. సెన్సర్ వైరు ద్వారా వోల్టేజ్ పంపే పద్ధతిలో గేజ్ గ్రౌండ్ ఒక చోట, ఈసీయూ గ్రౌండ్ ఇంకో చోట ఉంటే వచ్చే తేడా ఇది. రెండు గ్రౌండ్లూ ఒకే చోటికి తేవాలి, లేదా క్యాన్ (డిజిటల్ వైరింగ్) ద్వారా కలపాలి. ఇది సరిచేయకుండా ఎంత ట్యూన్ చేసినా ఈసీయూలోని మొత్తం పెట్రోల్ టేబుల్ అంతే తేడాతో తప్పుతుంది.

చివరగా టైమింగ్ లైట్. ఈసీయూలో టైమింగ్‌ని (స్పార్క్ పడే క్షణాన్ని) 10 డిగ్రీల దగ్గర లాక్ చేసి, క్రాంక్ పుల్లీ మీద కూడా 10 కనిపిస్తోందా చూడండి. స్క్రీన్ మీద 12 ఉండి ఇంజన్‌లో 17 ఉంటే, మీరు ఎంత జాగ్రత్తగా పనిచేసినా పిస్టన్‌ని కాపాడలేరు.

పెట్రోల్ సరిపోతుందా: కాగితం మీద లెక్క

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక సైకిల్ అంటే క్రాంక్ రెండు చుట్లు. 6000 ఆర్‌పీఎం దగ్గర ఆ రెండు చుట్లకు పట్టే సమయం 20 మిల్లీసెకన్లు. ఇంజెక్టర్ అందులో 17 మిల్లీసెకన్లు తెరిచి ఉంటే డ్యూటీ 85 శాతం. 7000 దగ్గర సైకిల్ 17 మిల్లీసెకన్లకు కుదించుకుపోతుంది, అంటే అదే 17 మిల్లీసెకన్ల పల్స్‌కి ఇంజెక్టర్ మూసుకునే సందే ఉండదు. 85 శాతం దాటకుండా చూసుకోవడం నా పద్ధతి.

ఎంత ఇంజెక్టర్ కావాలి? టర్బో పెట్రోల్ ఇంజన్ ఒక హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోల్ తాగుతుందని లెక్కేయండి. 300 హార్స్‌పవర్‌కి గంటకు 81 కిలోలు, లీటర్లలో చూస్తే దాదాపు 110. దాన్ని నిమిషాలకీ, నాలుగు సిలిండర్లకీ పంచి, 85 శాతం డ్యూటీకి సరిచేస్తే ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి సుమారు 540 సీసీలు ఇవ్వాలి. ఆ అంకె ఎంత ఒత్తిడి దగ్గర కొలిచిందో కూడా చూసుకోవాలి, సాధారణంగా 3 బార్.

పెట్రోల్ ఒత్తిడి రెగ్యులేటర్‌కి మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ గొట్టం వెళ్తుంటే 1 బార్ బూస్ట్‌లో రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టం) ఒత్తిడి 3 నుంచి 4 బార్‌కి ఎక్కాలి. ఇంజెక్టర్ మూతి దగ్గర బూస్ట్ ఎదురు తోస్తుంది కాబట్టి అంత పెరిగితేనే తేడా 3 బార్‌గా నిలుస్తుంది. చిక్కేమిటంటే ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు ఇచ్చే పెట్రోల్ తగ్గుతుంది. గంటకు ఇన్ని లీటర్లు అని డబ్బా మీద రాసింది ఎంత ఒత్తిడి దగ్గరో చూడకుండా పంపు కొనకండి.

దీనికి నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఒక కారులో 5200 ఆర్‌పీఎం దాటగానే లాంబ్డా 0.80 నుంచి 0.86కి జారేది. రెండు రోజులు టేబుల్‌లో ఆ గడుల్లోనే పెట్రోల్ పెంచుతూ కూర్చున్నాను. ఒకరోజు సరిపోయేది, మర్నాడు మళ్లీ జారేది. చివరికి రైల్ ఒత్తిడి సెన్సర్ పెట్టి లాగ్ చేస్తే అక్కడ ఒత్తిడి అర బార్ పైగా పడిపోతోంది. పంపు దగ్గర మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు ఉండగా పంపుకి చేరుతున్నది 11.8. సన్నని పాత వైరు, తుప్పు పట్టిన కనెక్టర్. రిలే పెట్టి లావు వైరు లాగాక టేబుల్‌లో నేను పెంచిందంతా వెనక్కి తీసేయాల్సి వచ్చింది. అప్పటినుంచి రైల్ ఒత్తిడి లాగ్‌లో లేకుండా ఏ కారునీ బూస్ట్‌లోకి తీసుకెళ్లడం లేదు.

ఇంజెక్టర్ డెడ్ టైమ్ కూడా ఇక్కడే నింపేయండి. కరెంటు అందాక ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే సమయం ఇది, వోల్టేజ్ తగ్గితే పెరుగుతుంది. 0.3 మిల్లీసెకన్ల తప్పు ఉందనుకోండి, 15 మిల్లీసెకన్ల పల్స్‌లో అది 2 శాతమే, కానీ ఐడిల్‌లో 2 మిల్లీసెకన్ల పల్స్‌లో 15 శాతం. రేడియేటర్ ఫ్యాన్ ఆన్ అవగానే ఐడిల్ ఊగిపోతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఇంజెక్టర్ తయారుచేసినవాళ్లు ఇచ్చిన అంకెలు వాడండి, ఊహించి వేయకండి.

టార్గెట్లు: ఎక్కడ ఎంత

ఏఎఫ్‌ఆర్ (గాలి, ఇంధనం నిష్పత్తి) వదిలేసి లాంబ్డాలో ఆలోచించడం అలవాటు చేసుకోండి. పెట్రోల్‌కి లాంబ్డా 1 అంటే 14.7, ఈ85కి (ఎక్కువగా ఇథనాల్ ఉన్న ఇంధనం) అయితే సుమారు 9.8. ఇంధనం మారితే ఏఎఫ్‌ఆర్ అంకెలన్నీ మారతాయి, లాంబ్డా మారదు.

నెమ్మదిగా, ఒకే వేగంతో వెళ్లేటప్పుడు 1.0 చాలు. బూస్ట్ లేకుండా ఫుల్ థ్రాటిల్‌కి 0.88 దరిదాపులు, అక్కడి నుంచి బూస్ట్ పెరిగేకొద్దీ దించుకుంటూ 1 బార్ దగ్గరికి 0.78 నుంచి 0.80. ఆ అదనపు పెట్రోల్ కాలడానికి కాదు, ఆవిరవుతూ వేడిని లాగేయడానికి. అలాగని 0.70కి తీసుకెళ్లి క్షేమం అనుకోకండి. మరీ రిచ్ అయితే సిలిండర్ గోడల మీద నూనె పొర కడిగేసుకుపోతుంది, రింగులు అరుగుతాయి, మిస్‌ఫైర్లు మొదలవుతాయి.

టైమింగ్ టేబుల్ మొదట కావాలనే తక్కువగా ఉంచండి. బూస్ట్ లేనప్పుడు ఆ ఇంజన్‌కి సరిపోయే టైమింగ్ నుంచి ప్రతి పీఎస్‌ఐ బూస్ట్‌కీ 1 డిగ్రీ తగ్గించడం పాత లెక్క, మొదలుపెట్టడానికి అది బాగానే పనికొస్తుంది. టార్క్ గరిష్ఠంగా ఉండే ఆర్‌పీఎం దగ్గర ఇంకో 2 డిగ్రీలు తగ్గించి ఉంచండి, సిలిండర్ బాగా నిండేది అక్కడే, నాకింగ్ మొదట వచ్చేదీ అక్కడే. టైమింగ్ మరీ తగ్గినా ఎగ్జాస్ట్ వేడెక్కి టర్బైన్‌కి దెబ్బ, కాబట్టి మొదటి పుల్స్ (ఫుల్ థ్రాటిల్ పరుగులు) చిన్నవిగా ఉండాలి.

ఐడిల్, క్రూజ్: ఓపిక పట్టాల్సిన చోటు

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, క్లోజ్డ్ లూప్ సవరణ ఆపేసి మొదలుపెట్టండి, లేకపోతే ఈసీయూ ఒక పక్క దిద్దుతూ ఉంటే మీరు ఇంకో పక్క దిద్దుతుంటారు. లెక్క చాలా సులువు: పాత వీఈ అంకెని (సిలిండర్ గాలితో ఎంత నిండుతోందో చెప్పే శాతం) కొలిచిన లాంబ్డాతో గుణించి, కావాల్సిన లాంబ్డాతో భాగించండి. గడిలో 80 ఉంది, 0.80 కావాల్సిన చోట 0.88 వస్తోంది, అంటే కొత్త అంకె 88.

ఒక గడిలో 88 వచ్చి పక్క గడుల్లో 74, 76 ఉంటే ఆగి ఆలోచించండి. గాలి ప్రవాహం అలా ఎగుడుదిగుడుగా మారదు. టేబుల్ నున్నగా ఉండాలి, ఒక్క చోట గుట్ట లేచిందంటే ఎక్కువసార్లు అది సెన్సర్ తప్పో, యాక్సిలరేటర్ తొక్కిన క్షణం పడిన తప్పుడు కొలతో అయి ఉంటుంది. ఈ దశలో బూస్ట్ దాకా వెళ్లొద్దు, 90 కిలోపాస్కల్స్ లోపు గడులన్నీ 2, 3 శాతం తేడాలోకి వచ్చేదాకా ఇక్కడే ఉండండి. ఒక పూటంతా పోయినా ఫర్వాలేదు.

మొదటిసారి బూస్ట్‌లోకి

ఇది డైనో (కారు పవర్, టార్క్ కొలిచే యంత్రం) మీద చేయండి, లేదా మూసిన ట్రాక్ మీద. జనం తిరిగే రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్ తొక్కుతూ ల్యాప్‌టాప్ చూడటం అనే మాటే వద్దు.

ముందు బూస్ట్ సోలనాయిడ్ (బూస్ట్‌ని అదుపు చేసే విద్యుత్ వాల్వ్) పీకేసి, వేస్ట్‌గేట్‌కి (ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కనుంచి వదిలే తలుపుకి) నేరుగా గొట్టం వేయండి. ఇప్పుడు దాని స్ప్రింగ్ ఎంతుంటే అంతే బూస్ట్ వస్తుంది. ఈసీయూలో స్ప్రింగ్ కన్నా 0.2 బార్ పైన ఫ్యూయల్ కట్ పెట్టండి. లాంబ్డా 0.88 దాటితే, రైల్ ఒత్తిడి పడితే ఆపేసే రక్షణలు ఉంటే అవీ ఆన్ చేయండి. రెవ్ లిమిట్ తాత్కాలికంగా 5000కి దించండి.

గేర్ నిష్పత్తి 1కి దగ్గరగా ఉన్న గేర్‌లో, చాలా కార్లలో 4వ గేర్, 2000 నుంచి 4500 దాకా ఒక్క పుల్, అంతే. కాలు తీసి లాగ్ చదవండి. బాగుంటే రెవ్ లిమిట్ పెంచి 5500, మళ్లీ లాగ్. చదువుతున్నప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, ఎగ్జాస్ట్ వాయువు వైడ్‌బ్యాండ్ సెన్సర్ దాకా రావడానికీ సెన్సర్ స్పందించడానికీ కాస్త సమయం పడుతుంది. లాగ్‌లో 4200 దగ్గర కనిపించిన లీన్ నిజానికి దానికి కొద్దిగా ముందు గడిది. అందుకే అటూ ఇటూ గడులు కూడా కలిపి దిద్దాలి.

నాకింగ్ వినడానికి సెన్సర్ తోడుగా చెవులు కూడా వాడండి. నాక్ మోగే ఫ్రీక్వెన్సీ సిలిండర్ వెడల్పు మీద ఆధారపడుతుంది: 900ని పై (π, అంటే 3.14) విలువతోనూ, మిల్లీమీటర్లలో సిలిండర్ వ్యాసార్థంతోనూ భాగిస్తే కిలోహెర్ట్జ్ వస్తుంది. 86 మిల్లీమీటర్ల బోర్‌కి సుమారు 6.7. నాక్ సెన్సర్ ఫిల్టర్ అక్కడ పెట్టి, బ్లాక్‌కి బిగించిన మైక్‌తో హెడ్‌ఫోన్స్‌లో వినండి. మామూలు ఇంజన్ రొదలో గాజు మీద గులకరాయి విసిరినట్టు ఒక్కసారి టిక్ అంటే చాలు, కాలు తీసేయండి. ఇంకోసారి విని నిర్ధారించుకుందాం అనుకోవద్దు, 2 డిగ్రీలు తగ్గించాకే మళ్లీ తొక్కండి.

పెట్రోల్ కుదిరాక టైమింగ్ 1 డిగ్రీ చొప్పున పెంచుతూ డైనో మీద టార్క్ చూడండి. డిగ్రీ పెంచినా టార్క్ పెరగలేదంటే ఆ డిగ్రీ వెనక్కి తీసుకోండి, దానివల్ల మీకు దక్కేది ఏమీ లేదు, పిస్టన్ మీద ఒత్తిడి తప్ప. నాకింగ్ ముందే వస్తే అక్కడి నుంచి 2 డిగ్రీలు వెనక్కి.

ఇప్పుడు బూస్ట్

సోలనాయిడ్ చేసే పని వేస్ట్‌గేట్‌కి చేరే ఒత్తిడిని దొంగిలించడం. దాని డ్యూటీ పెరిగేకొద్దీ వేస్ట్‌గేట్‌కి అసలు బూస్ట్ కన్నా తక్కువ తెలుస్తుంది, ఆలస్యంగా తెరుచుకుంటుంది. 5 శాతం చొప్పున పెంచండి. మొదట్లో ఏమీ మారదు, తర్వాత ఒక్కసారిగా 0.3 బార్ దూకవచ్చు, అందుకే పెద్ద అంగలు వద్దు. స్ప్రింగ్‌కి రెండింతల బూస్ట్ దాటి అడిగితే అదుపు కష్టం, దానికి బదులు గట్టి స్ప్రింగ్ వేయండి.

ప్రతి అంగ తర్వాతా లాంబ్డా, రైల్ ఒత్తిడి, ఇంజెక్టర్ డ్యూటీ, ఇన్‌టేక్ వేడి, నాక్ చూడండి. బూస్ట్, టైమింగ్ రెండూ ఒకే పుల్‌కి ముందు మార్చకండి, ఏది ఏం చేసిందో తేల్చలేరు.

డ్యూటీ సున్నా ఉన్నా ఆర్‌పీఎంతో పాటు బూస్ట్ పాకుతూ పెరుగుతోందంటే అది క్రీప్. వేస్ట్‌గేట్ రంధ్రం చాలడం లేదని అర్థం, ల్యాప్‌టాప్‌లో దీనికి మందు లేదు, లోహం కొయ్యాల్సిందే. మొదట్లో ఎగిరి తర్వాత దిగితే స్పైక్, అది డ్యూటీ టేబుల్‌తో సరిదిద్దవచ్చు. పీఐడీ సవరణ (ఈసీయూ తనంతట తానే బూస్ట్ దిద్దుకోవడం) అన్నిటికన్నా చివర, టేబుల్ ఒక్కటే టార్గెట్‌కి దగ్గరగా తేగలిగాక.

వేడి లెక్క ఒకసారి మనసు పెట్టి చూడండి. బయట 25 డిగ్రీల గాలిని 1 బార్ బూస్ట్‌కి నొక్కితే, కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో పనిచేసినా అది సుమారు 118 డిగ్రీలకు చేరుతుంది. సామర్థ్యం 60కి పడిపోతే 134. గేజ్ మీద అదే 1 బార్, సిలిండర్‌లోకి వెళ్లేది మాత్రం ఇంకా పలచటి, ఇంకా వేడి గాలి. చిన్న టర్బోని హద్దు దాటించి తోసినప్పుడు బూస్ట్ పెరిగి పవర్ పెరగకపోవడం ఇందుకే. 0.2 బార్ పెంచితే డైనో గీత కదల్లేదంటే మీ టర్బో తన మాట చెప్పేసింది, వెనక్కి రండి.

ఈ వేడితో పోరాటం కొత్తదేమీ కాదు. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ 10.25 కంప్రెషన్‌తో టర్బో నడపడానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజన్‌లోకి చల్లేది. ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్ తగ్గించే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. అన్నేళ్ల కిందటే ఫెయిల్‌సేఫ్ పెట్టారంటే మనం పెట్టకుండా ఉండటానికి సాకు లేదు.

కింది ఆర్‌పీఎంలో అత్యాశ వద్దు. 2500 దగ్గరే పూర్తి బూస్ట్ అడిగితే టార్క్ ఒక్కసారిగా లేచి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. 3500 దాకా మెల్లగా ఎక్కించండి.

డైరెక్ట్ ఇంజెక్షన్ వాళ్లకు ఇది రెండింతలు వర్తిస్తుంది, తక్కువ వేగం, ఎక్కువ లోడ్ దగ్గర స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఆ ఇంజన్లకు ఉంది. దాన్ని దృష్టిలో పెట్టుకుని తెచ్చిన ఏపీఐ ఎస్‌పీ రకం నూనె 2020 నుంచి దొరుకుతోంది, అదే వాడండి. మీకు పెట్రోల్ చల్లే వ్యవధి కూడా తక్కువ. 6000 దగ్గర ఒక స్ట్రోక్ 5 మిల్లీసెకన్లే, పెట్రోల్ ఇన్‌టేక్ స్ట్రోక్‌లో, ఆ తర్వాత కొద్దిసేపటిలోనే పడిపోవాలి. హై ప్రెషర్ పంపు క్యామ్ మీద నడుస్తుంది కాబట్టి లాగ్‌లో రైల్ ఒత్తిడి టార్గెట్ కన్నా కిందికి జారిన చోటే మీ హద్దు.

అయిపోయింది అనుకున్నాక

మధ్యలో విరామం లేకుండా వరసగా మూడు పుల్స్ చేయండి. మూడో దాంట్లో ఇన్‌టేక్ వేడి ఎంతకు వెళ్లిందో, అక్కడ టైమింగ్ ఎంత తగ్గిందో చూడండి. 50 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకీ 1 నుంచి 2 డిగ్రీల టైమింగ్ తగ్గేలా టేబుల్ నింపి, వేడిగా ఉన్న రోజు మళ్లీ పరీక్షించండి. రక్షణలు నిజంగా పనిచేస్తున్నాయో లేదో కూడా చూడాలి: ఫ్యూయల్ కట్ హద్దుని కావాలనే ఇప్పుడొస్తున్న బూస్ట్ కన్నా తక్కువకి దించి తొక్కండి, ఇంజన్ ఠక్కున కోసేయాలి. కోయకపోతే ఆ కారు ఇంకా సిద్ధం కానట్టే.

మొదటి ట్యాంకు పెట్రోల్ అయిపోయాక కొత్త ప్లగ్‌లు వేసి, ఒక పూర్తి పుల్ చేసి, కాలు తీయగానే ఇంజన్ ఆపి, ప్లగ్‌లు తీసి భూతద్దంతో తెల్లటి పింగాణీని చూడండి. శుభ్రంగా ఉంటే సరే. మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలో, మెరిసే వెండి రవ్వలో కనిపిస్తే నాకింగ్ వస్తోంది, ఆ వెండి రవ్వలు మీ పిస్టన్ అల్యూమినియమే. ఏ సిలిండర్ ప్లగ్‌దో రాసుకుని, టైమింగ్ 2 డిగ్రీలు, బూస్ట్ 0.1 బార్ తగ్గించి, ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ని ఫ్లో బెంచ్‌కి (ఎంత చల్లుతోందో కొలిచే యంత్రం దగ్గరికి) పంపండి. అది తిరిగొచ్చేదాకా బండి బూస్ట్‌లోకి వెళ్లకూడదు.